ఇసబెల్ కెర్: డిచ్‌పల్లి డాక్టరమ్మ

ఇసబెల్ కెర్ (1875–1932) స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట పుట్టి, తెలంగాణకు వచ్చి, కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ డిచ్‌పల్లిలోనే కన్నుమూసిన వైద్యురాలు. ఆమె క్రైస్తవ వైద్య మిషనరీ. చర్చి తరఫున పరాయి దేశం వెళ్లి, క్రీస్తు బోధ చెబుతూ, దాంతోపాటు జబ్బుపడ్డవాళ్లకు మందిచ్చేవాళ్లను వైద్య మిషనరీలు అంటారు. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో ఆమె, ఆమె భర్త జార్జ్ కెర్ కలిసి 1915లో తెరిచిన విక్టోరియా ఆస్పత్రి వందేళ్లు దాటినా ఇంకా ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు డిచ్‌పల్లి కాస్త దూరమే. కానీ ఆమె వచ్చిన రోజుల్లో ఈ ఊళ్లన్నీ ఒకే రాజ్యంలో ఉండేవి. అది నిజాం రాజ్యం. పల్లెల్లో దవాఖానా అన్న మాట అరుదుగా వినిపించేది. జ్వరమొస్తే నాటువైద్యుడు, నొప్పులొస్తే మంత్రసాని, అమ్మవారు పోస్తే వేపమండలు. అంతకు మించి ఏం కావాలన్నా పట్నం పోవాల్సిందే. 1886లో సికింద్రాబాద్ నుంచి జనగామ మీదుగా వరంగల్‌కు రైలు వచ్చింది. మరో మూడేళ్లకు అది మానుకోట, డోర్నకల్ దాటి బెజవాడ చేరింది. మానుకోట అంటే ఇప్పటి మహబూబాబాద్. భూపాలపల్లి వైపు అడవి పల్లెలకు ఆ భాగ్యం లేదు, ఎడ్లబండే దిక్కు.

మిషన్లు కూడా చాలావరకు ఆ రైలుదారి పక్కనే స్థిరపడ్డాయి. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టుల దవాఖానాలో డాక్టర్ జె.ఎస్. టింపనీ పనిచేశాడు. డోర్నకల్ కేంద్రంగా 1912లో అజరయ్య బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఇప్పటికీ ఈ జిల్లాల్లో పెద్దవాళ్ల నోట ‘మిషన్ దవాఖానా’ అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట వెనక ఎలాంటి మనుషులున్నారో తెలుసుకోవడానికి ఇసబెల్ జీవితం మంచి దారి.

ఆడ డాక్టర్లే ఎందుకు?

ఆ కాలపు మిషన్ ఆస్పత్రుల్లో ఎన్నో ఆడవాళ్ల చేతులతో లేచినవే. ఘోషాలో, అంటే పరదా చాటున ఉండే స్త్రీలు మగ డాక్టరుకు చెయ్యి కూడా చూపించేవారు కాదు. కాన్పు కష్టమై ప్రాణం మీదికొచ్చినా సరే, పరాయి మగవాడు గడప దాటి లోపలికి రావడానికి ఇంటివాళ్లు ఒప్పుకునేవారు కాదు.

ఐడా స్కడర్ కథ అక్కడే మొదలైంది. తమిళదేశంలోని తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, ఆమె తలుపు తట్టారు. ముగ్గురి ఇళ్లలోనూ భార్యలు ప్రసవం కాక అల్లాడుతున్నారు. ఐడా తండ్రి డాక్టరే. కానీ ఆయన మగవాడు కాబట్టి వద్దన్నారు, ఐడానే రమ్మన్నారు. ఐడాకు వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ అమ్మాయి అమెరికా వెళ్లి డాక్టరై 1900లో తిరిగొచ్చింది. చిత్తూరు నుంచి ఆదిలాబాద్ దాకా తెలుగువాళ్లు ‘వేలూరు ఆస్పత్రి’ అని పిలుచుకునేది ఆమె మొదలుపెట్టినదే.

గుంటూరులో అన్నా కుగ్లర్ ఉంది. 1883లో అమెరికా నుంచి వచ్చింది. డాక్టరు చదువు చేతిలో ఉన్నా, ఆమెను డాక్టరుగా పంపడానికి లూథరన్ చర్చి పెద్దలు మొదట ఒప్పుకోలేదు. చదువు చెప్పే పని మీద వచ్చి మందులూ ఇచ్చింది. 1890ల చివరికల్లా గుంటూరులో ఆస్పత్రి నిలబెట్టింది. ఏలూరు జమీందారు భార్యకు ఆమె వైద్యం చేస్తే, ఆయన కృతజ్ఞతగా ఆస్పత్రికి ఎదురుగా రోగుల బంధువుల కోసం సత్రం కట్టించాడు. గుంటూరువాళ్లకు అది నేటికీ కుగ్లర్ ఆస్పత్రే.

ఐడా, అన్నా ఇద్దరూ ముఖ్యంగా తల్లుల కోసం, బిడ్డల కోసం పనిచేశారు. ఇసబెల్ ఎంచుకున్న రోగులు వేరు. తల్లులైనా, బిడ్డలైనా, జమీందారులైనా కుష్ఠు వస్తే ఇంట్లో ఉండనిచ్చేవాళ్లు కారు.

పెద్దరోగం

కుష్ఠు అన్న పేరు నోటితో పలకడానికి కూడా జంకి, జనం దాన్ని ‘పెద్దరోగం’ అనేవారు. పూర్వజన్మ పాపమన్నారు, దేవుడి శాపమన్నారు. నిజానికి అది ఒక సూక్ష్మజీవి పని. 1873లో నార్వే వైద్యుడు గెర్హార్డ్ హాన్సెన్ దాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. మనిషికి రోగం తెచ్చే సూక్ష్మజీవుల్లో అన్నిటికన్నా ముందుగా కనిపెట్టినవాటిలో ఇదొకటి. అయినా ఆ వార్త ఊళ్లకు చేరడానికి, చేరినా జనం నమ్మడానికి చాలా కాలం పట్టింది.

ఈ క్రిమి చాలా నెమ్మది. చాలా సూక్ష్మజీవులు గంటలోపే ఒకటి రెండవుతాయి. ఇదొక్కటీ రెండుగా మారడానికి రెండు వారాలు తీసుకుంటుంది. అందుకే ఒంట్లోకి చేరాక రోగం బయటపడేసరికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లూ పడుతుంది. వంద మందిలో దాదాపు తొంభై ఐదుగురికి దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. తాకితే అంటుకునే రోగం కాదు, తరతరాలుగా వచ్చే రోగమూ కాదు. మందు వాడని రోగితో ఏళ్ల తరబడి దగ్గరగా మెలిగినవాళ్లలో కొద్దిమందికి వస్తుంది.

అది చేసే హాని ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దాం. ఈ క్రిమికి చల్లని చోట్లంటే ఇష్టం. ముక్కు, చెవితమ్మెలు, చేతులు, పాదాలు. అక్కడి నరాల్లో చేరి వాటిని పాడుచేస్తుంది. మొదట చర్మం మీద చిన్న మచ్చ. చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయి, లేదా ఎర్రగా ఉంటుంది. దురద లేదు, నొప్పి లేదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రోగి కళ్లు మూసుకుంటే డాక్టరు దూది పోగుతో ఆ మచ్చను మెల్లగా తాకి, ‘ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించు’ అంటాడు. పక్కన తాకితే చూపిస్తాడు. మచ్చ మీద తాకితే ఊరకే కూర్చుంటాడు. తెలియదు కాబట్టి.

ఆ తెలియకపోవడమే అసలు ప్రమాదం. పొయ్యి మీంచి గిన్నె దించుతున్న అమ్మకు వేళ్లు కాలుతున్నట్టు తెలియదు. పొలంలో నడుస్తున్న నాన్నకు తుమ్మముల్లు దిగినట్టు తెలియదు. పుండు పడుతుంది. నొప్పి లేదు కాబట్టి ఆ పుండు మీదే నడుస్తారు, అది ఎముక దాకా పోతుంది. కుష్ఠు వస్తే వేళ్లు రాలిపోతాయని అనుకుంటారు కానీ, నొప్పి తెలియక తగిలిన దెబ్బలు, మానని పుండ్లు వేళ్లను అలా తినేస్తాయి. నొప్పి మనకు కాపలాదారు. కుష్ఠు మొదట ఆ కాపలాదారును చంపుతుంది.

ఇక మనుషులు చేసిన హాని వేరే. రోగం తెలియగానే ఇంట్లోంచి, ఆ తర్వాత ఊళ్లోంచి పంపేసేవారు. బావి దగ్గరికి రానివ్వరు. పెళ్లి చెడిపోతుంది, భూమి పోతుంది. చివరికి గుడి మెట్ల మీదో, సంత మూలనో అడుక్కుంటూ బతకాలి. రోగానికి మందు లేనంతకాలం భయం అర్థం చేసుకోవచ్చు. మందొచ్చిన తర్వాత కూడా ఆ పద్ధతి మారడానికి దశాబ్దాలు పట్టడం మాత్రం మన సమాజం మీద మచ్చే.

గొల్లాచీ నుంచి నిజామాబాద్ దాకా

ఇసబెల్ అసలు పేరు ఇసబెల్లా గన్. 1875 మే 30న స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో ఎంజీ అనే ప్రాంతంలోని గొల్లాచీలో పుట్టింది. తండ్రి సేద్యం చేసేవాడు. ఆడపిల్లలు వైద్యం చదవడం ఆ దేశంలోనూ అప్పటికి కొత్తే. ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చేరి 1903లో డాక్టరు పట్టా తీసుకుంది.

జార్జ్ మెక్‌గ్లాషన్ కెర్‌ను పెళ్లి చేసుకుంది. జార్జ్ మొదట వడ్రంగి. తర్వాత మెథడిస్టు చర్చిలో పాదిరి అయ్యాడు, ఆఫ్రికాలో కొంతకాలం మిషన్ పని చేసి వచ్చాడు. ఒకరికి సూదిమందు తెలుసు, ఇంకొకరికి ఉలి, రంపం తెలుసు. ఈ రెండు చదువులూ తర్వాత డిచ్‌పల్లిలో ఒకదానికొకటి ఎంతగా పనికొచ్చాయో చూస్తే, ఈ జంటను ఎవరో ఆలోచించి కలిపినట్టే అనిపిస్తుంది.

1907లో ఇద్దరూ హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో మిషన్ పని అప్పగించారు. ఊళ్లో తిరగడం మొదలుపెట్టగానే ఇసబెల్‌కు కుష్ఠురోగులు కనిపించారు. వాళ్లకంటూ వైద్యం ఎక్కడా లేదు. మామూలు దవాఖానాలో మిగతా రోగుల పక్కన కూర్చోనివ్వరు. 1911లో ఆమె వాళ్ల కోసం ఒక చిన్న కేంద్రం మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే అది చాలకుండా పోయింది. ఒకడికి చోటుందని తెలిస్తే పదిమంది వచ్చారు, దారి పొడవునా కర్ర ఊతంగా నడుచుకుంటూ.

కావలసింది పెద్ద స్థలం, దానికి తగ్గ డబ్బు. డబ్బు ఇచ్చింది నర్సాగౌడ్. ఆయన హిందువు, దానశీలి. స్థలం ఇచ్చింది నిజాం ప్రభుత్వం. రాజు ముస్లిం. వైద్యం చేసింది స్కాట్లాండ్ క్రైస్తవురాలు. వైద్యం పొందింది ఏ మతంవాళ్లయినా కావచ్చు. ఈ ఆస్పత్రి కథ చెప్పేటప్పుడు ఒక్క ఇసబెల్ పేరే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. నర్సాగౌడ్ సొమ్ము లేకపోతే ఆ గోడలు లేచేవి కావు.

డిచ్‌పల్లి

నిజామాబాద్‌కు దక్షిణంగా, హైదరాబాద్ దారిలో ఉంటుంది డిచ్‌పల్లి. అప్పటికే గోదావరి లోయ రైలు అటు నడుస్తోంది. 1915లో అక్కడ ఆస్పత్రి తెరిచారు.

ఆస్పత్రి అంటే ఒక పెద్ద మేడ, వరసగా మంచాలు అనుకుంటాం. కెర్ దంపతులు కట్టింది అలాంటిది కాదు. అదొక ఊరు. మగవాళ్లకు, ఆడవాళ్లకు ఇళ్లు, కట్లు కట్టే గదులు, ప్రార్థనకు చర్చి, చుట్టూ పొలం. జార్జ్‌లోని వడ్రంగికి అక్కడ చేతినిండా పని దొరికింది. ఏటేటా కొత్త కట్టడాలు లేచాయి, రోగులు వందల్లోకి చేరారు.

రోగులు ఊరికే కూర్చుని తినేవారు కారు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు దున్నేవారు, నీళ్లు తోడేవారు, ఇటుకలు మోసేవారు, నడవలేని పక్కవాడికి వండిపెట్టేవారు. ఇది వైద్యంలో భాగమని ఆ రోజుల్లో కుష్ఠు వైద్యులు బాగా నమ్మారు. కండరాలు కదిలితే చేతులు బిగుసుకుపోవు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. నిన్నటిదాకా ‘ఛీ, అవతలికి పో’ అన్న మాట తప్ప వేరే పిలుపు వినని మనిషికి డిచ్‌పల్లిలో తిరిగి ఒక పేరు, ఒక ఇల్లు, ఒక పని దొరికాయి. ఇసబెల్ ఇచ్చిన మందుల్లో అన్నిటికన్నా గట్టిగా పనిచేసింది ఇదేనని చెప్పాలి. ఎందుకంటే అప్పటికి ఉన్న మందు అంత గొప్పదేమీ కాదు.

నూనె సూది

ఆ మందు ఒక నూనె. పడమటి కనుమల్లో పెరిగే హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నుంచి తీస్తారు. ఇది మన దేశానికి కొత్త కాదు. సుశ్రుత సంహితలో తువరకం పేరుతో కుష్ఠుకు ఈ జాతి నూనెనే చెప్పారు. ఉత్తరాదివాళ్లు ఇదే తరహా నూనెను చాల్‌మోగ్రా అంటారు. చిక్కేమిటంటే, తాగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేది. ఎక్కువకాలం తాగడం ఎవరివల్లా కాలేదు.

దాన్ని సూదిమందుగా మార్చడానికి ప్రపంచంలో చాలామంది తంటాలు పడ్డారు. హవాయిలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి రసాయన శాస్త్రవేత్త ఇరవై మూడేళ్ల వయసులో ఒక పద్ధతి కనిపెట్టి, 1916లోనే చనిపోయింది. కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వేరే పద్ధతులు తయారుచేశారు. మ్యూర్ పద్ధతిని ఇసబెల్ డిచ్‌పల్లిలో అమలుచేసింది.

నూనె చిక్కగా ఉంటుంది. సూది దిగిన చోట కండ వాచి, గట్టిపడి, రోజుల తరబడి సలుపుతుంది. అలాంటి సూదులు వారం వారం, నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి. రోగం తొలిదశలో ఉన్నవాళ్లకు మచ్చలు మానేవి, బాగై ఇంటికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ముదిరినవాళ్లకు పెద్దగా గుణం కనిపించేది కాదు. అయినా జనం వచ్చారు. అప్పటిదాకా ఆ రోగానికి బాగుపడటం అన్న మాటే లేదు మరి.

1923లో బ్రిటిష్ ప్రభుత్వం ఇసబెల్‌కు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ప్రజాసేవ చేసినవాళ్లకు అప్పట్లో ఇచ్చే గౌరవం అది. 1932లో ఆమె డిచ్‌పల్లిలో మరణించింది. అప్పటికి ఈ నేలకు వచ్చి పాతికేళ్లు. ఆ తర్వాత కూడా జార్జ్ కొన్నేళ్లు అక్కడే పనిచేశాడు.

నూనె నుంచి మాత్ర దాకా

డిచ్‌పల్లిలో పనిచేసినవాళ్లలో జాన్ లో అనే డాక్టరు ఉన్నాడు. ఆయన ఇక్కడ కుష్ఠును దగ్గర్నుంచి చూసి నేర్చుకున్నాడు, తర్వాత కలకత్తా వెళ్లాడు, అక్కడినుంచి ఆఫ్రికాలోని నైజీరియాకు. ఈలోగా అమెరికాలో, మన చెంగల్పట్టులో కొత్త మందులు పరీక్షిస్తున్నారు. వాటిలో డాప్సోన్ ఒకటి. 1940ల చివర నైజీరియాలోని ఉజువాకోలిలో జాన్ లో ఆ మందును తక్కువ మోతాదులో మాత్రగా ఇచ్చి చూశాడు. పనిచేసింది. ఖరీదూ తక్కువే. సలిపే నూనె సూదుల కాలం అంతటితో ముగిసింది. తెలంగాణలో ఒక చిన్న ఊరి దవాఖానాలో సంపాదించిన అనుభవం ప్రపంచమంతటి రోగులకు అలా ఉపయోగపడింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించాలి.

వంకర తిరిగిన చేతుల్ని సరిచేసే శస్త్రచికిత్సను వేలూరులో పాల్ బ్రాండ్ అభివృద్ధి చేశాడు. పనిచేసే కండరం నుంచి స్నాయువును మార్చి, చచ్చుబడ్డ వేళ్లకు కలిపితే అవి మళ్లీ ముడుచుకుంటాయి, తెరుచుకుంటాయి. అన్నం కలుపుకోవడానికి, కలం పట్టుకోవడానికి అంత చాలు.

ఒక్క డాప్సోన్‌నే వాడుతూ పోతే క్రిమి దానికి అలవాటుపడింది. అందుకని రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలని 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశం 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందిలో ఒకరికంటే తక్కువ స్థాయికి రోగం దిగింది. అంటే పూర్తిగా పోయిందని కాదు. ఇవాళ్టికీ ఏటా కొత్త రోగులు బయటపడుతున్నారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. చట్టం కూడా ఆలస్యంగానే కదిలింది. భార్యకో భర్తకో కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు ఇచ్చే వీలును 2019లో గాని తీసెయ్యలేదు.

ఇప్పుడు డిచ్‌పల్లి అనగానే కుర్రవాళ్లకు తెలంగాణ విశ్వవిద్యాలయం గుర్తొస్తుంది, భక్తులకు ఖిల్లా రామాలయం గుర్తొస్తుంది. ఇసబెల్ పెట్టిన ఆ ఊరి మిషన్ ఆస్పత్రి చర్చి నిర్వహణలో ఉంది.

గాంధీజీ వర్ధంతి అయిన జనవరి 30ని మన దేశంలో కుష్ఠు నివారణ దినంగా పాటిస్తారు. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో, ఇంకెక్కడైనా సరే, మీ ఒంటి మీదో, చెల్లి ఒంటి మీదో, తాత వీపు మీదో పాలిపోయిన మచ్చ కనిపించి, అక్కడ తాకినా గిల్లినా తెలియకపోతే, దాచకండి. ఊళ్లో ఆశా అక్కకు చూపించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఉచితంగా ఇస్తారు. కోర్సు ఆరు నెలలు, రోగం కొంచెం ముదిరితే పన్నెండు నెలలు. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇంకెవరికీ అంటుకోదు. ఇల్లు విడిచి వెళ్లక్కర్లేదు, బడి మానక్కర్లేదు.